మనోళ్ళకు గ్లవ్స్ ఎందుకు

ఆత్మకూరు బస్టాండు వెనక సందులో, మెడికల్ షాపుకూ టైర్ల కొట్టుకూ మధ్య ఒక ల్యాబు ఉంది. ఒకటే గది. మధ్యలో ప్లైవుడ్ చెక్క అడ్డం కొట్టి రెండు చేశారు. ముందు భాగంలో రక్తం తీసే కుర్చీ, వచ్చినవాళ్ళు కూర్చునే బెంచీ. వెనక భాగంలో మైక్రోస్కోపు, ఫ్రిజ్, రక్తం సీసాలు తిప్పే మెషీను. సారా అక్కడ పనిలో చేరిన మొదటి రోజు గ్లవ్స్ డబ్బా ఎక్కడుందని అడిగింది. యజమాని నరసింహ బల్ల కింద చెప్పుల పక్కనున్న డబ్బాను కాలితో చూపించాడు.

"అందరికీ ఏసుకోబాక," అన్నాడు. "లారీలోళ్ళు, బోరు బండ్లోళ్ళు, లాడ్జీలో దిగినోళ్ళు వస్తారు. వాళ్ళకి ఏసుకో. మనోళ్ళకెందుకు? మొగం చూస్తే తెలవదా."

"మొగం చూస్తే ఏం తెలుస్తాదన్నా?"

"పదేళ్ళనించి చూస్తుండా మే. నాకు తెలుస్తాది."

సారా ఆ డబ్బాను పైకి తీసి, తుడిచి, బల్ల మీద పెట్టింది. ఆ రోజు నుంచి ఎవరు వచ్చి చెయ్యి చాపినా ఆమె గ్లవ్స్ తొడుక్కునే రక్తం తీసింది. చేజర్ల నుంచి షుగరు చూపించుకోవడానికి వచ్చే ఒక రైతు, "మా ఒంట్లో ఏముందని తొడుగులు తొడిగినావు?" అని కోప్పడ్డాడు. మరికొందరు పెద్దమనుషులకు ఆ గ్లవ్స్ వేరే కారణంతో నచ్చాయి. ఆ కారణం వాళ్ళు పైకి అనలేదు. తన చెయ్యి వాళ్ళ ఒంటికి తగలదని ఆమెకు మాత్రం తెలుసు. తన సొంత తల్లి లిదియమ్మకు రక్తం తీసిన రోజున కూడా సారా గ్లవ్స్ తొడుక్కుంది. తల్లి ఆ సంగతి ఉదయగిరిలో ఇంటింటికీ చెప్పుకుని నొచ్చుకుంది.

లిదియమ్మది ఉదయగిరిలో మా వీధే. అంగన్‌వాడీలో ఆయా పని చేస్తుంది. భర్త పోయి చాలా కాలమైంది. ఒక్కతే కూతురు. నేను అదే ఊళ్ళో గ్రంథాలయం చూసుకుని రిటైరయ్యాను. సారా ఆరో తరగతి నుంచి అక్కడికి వచ్చి, ఫ్యాను కింద కుర్చీ దొరక్కపోతే బీరువాల మధ్య నేల మీద కూర్చుని చదివేది. నన్ను పెదనాయనా అంటుంది. ఈ సంగతుల్లో నేను కళ్ళతో చూసినవి కొన్నే. మిగతావి ఆమె మా అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ, తల ఎత్తకుండా చెప్పినవి. రాసుకోమన్నదీ ఆమే.

మా చర్చికి కార్యదర్శిని నేనే. మా దగ్గర ఒక కట్టుబాటు ఉంది. పెళ్ళి కుదిరాక మూడు ఆదివారాలు ఆరాధనలో ఆ జంట పేర్లు ప్రకటించాలి. పదిహేనేళ్ళ కిందట, పెళ్ళయి రెండేళ్ళు తిరక్కుండా భార్యాభర్తలిద్దరూ జబ్బుతో పోయిన ఇళ్ళు రెండు చూశాక, సంఘం ఒక తీర్మానం చేసింది. వధూవరులిద్దరి రక్తపరీక్ష కాగితాలు కార్యదర్శి చేతికి రానిదే మూడో ప్రకటన చదవకూడదు. మూడో ప్రకటన లేనిదే పెళ్ళి లేదు. మా జనం దాన్ని రక్తం కాగితం అంటారు. ఆ తీర్మానం మా మినిట్సు పుస్తకంలో నా చేతిరాతతోనే ఉంది. పోయిన ఫిబ్రవరిలో సారా పెళ్ళి ఆ కాగితం దగ్గరే ఆగింది. పెళ్ళి ఉంటుందా పోతుందా అన్న పన్నెండు రోజుల్లో నేను చూసినదీ, అంతకు ముందు ఆమె రక్తం తీసే కుర్చీ పక్కన నిలబడి విన్నదీ ఇక్కడ రాస్తున్నాను.

ల్యాబుకు వచ్చే కుర్రకారు డాక్టరుకు చెప్పనివి కూడా సారాకు చెప్పేవాళ్ళు. ఆమెకూ వాళ్ళకూ వయసులో పెద్ద తేడా లేదు. పైగా సూది గుచ్చేటప్పుడు అటు తిరిగి ఏదో ఒకటి మాట్లాడాలి కదా. పడకలో అంటుకునే జబ్బుల పరీక్షలకు వచ్చిన వాళ్ళను ఆమె ఒకటే అడిగేది, జాగ్రత్త పడ్డారా అని.

డిగ్రీ చదివే ఒక పిల్లవాడు, "నెల్లూరులో అయితే పడినానక్కా. ఇక్కడెందుకు, తెలిసిన పిల్లే గదా," అన్నాడు.

ట్రాక్టరు తోలే అతను, "ఆమె పెండ్లయిన మనిషి. మొగుడుండాడు. సంసారులతో ఏం భయం?" అన్నాడు.

ఇంకొకడు, "ఎర్రంగా, నీటుగా ఉంటాది. రెండు పూట్లా స్నానం చేస్తాది," అన్నాడు. మనిషి స్నానం చేస్తే రక్తం కూడా స్నానం చేస్తుందని అతను నమ్మాడు.

బ్యాంకు పరీక్షలకు కోచింగ్ తీసుకునే ఒక అమ్మాయి మాట ఇది. "వాడు నిరోధ్ ప్యాకెట్టు తెచ్చుకుంటే నాకే అనుమానం వస్తాదక్కా. నన్ను ఏమనుకోనుండాడని?"

పక్కన మెడికల్ షాపు రేణుకాదేవిది. ఆమె మధ్యాహ్నం అన్నం డబ్బా తెచ్చుకుని సారాతో కలిసి తినేది. ఒక రోజు నవ్వుతూ చెప్పింది.

"ఒకే పిల్లోడు మే. సోమారం వచ్చి ప్యాకెట్టు కొంటాడు. శనివారం వచ్చి బిళ్ళ కొంటాడు. ప్యాకెట్టు బయటామెకి, బిళ్ళ లవ్వరుకి. బయటామె కాడ జబ్బుకి భయం. లవ్వరు కాడ కడుపుకి భయం."

"లవ్వరు కాడ జబ్బుకి భయం లేదా అక్కా?"

"లవ్వరుకి జబ్బెట్టొస్తాది? మంచి ఇంట్లో పిల్ల గదా."

సారా ఈ మాట చెప్పినప్పుడు నాకు నవ్వు రాలేదు. వయసులో ఉన్నవాళ్ళ ఒంటి ఆకలిని చూసి మొహం చిట్లించే వయసు దాటిపోయాను. వాళ్ళు చేసిన పని కన్నా వాళ్ళు వేసుకున్న లెక్క నాకు రోతగా తోచింది. ఆడమనిషిని చూడగానే రెండు కుప్పలుగా పోస్తారు. ఒక కుప్పకు తొడుగు, ఇంకో కుప్పకు నమ్మకం. తొడుగు వేసుకున్న చోట మనిషిని చెత్తగా చూస్తారు, నమ్మిన చోట మనిషికి చెత్త అంటిస్తారు. రెండూ చేసి జాగ్రత్తపరుడినని పేరు పెట్టుకుంటారు.

సారాకు కుదిరిన పెళ్ళికొడుకు డేవిడ్‌రాజు. సీతారామపురం దారిలో ఒక పల్లె. అక్కడ వాన మీద బతికే సేద్యం. మగపిల్లలు చాలామంది బోరు బండ్ల మీద ఛత్తీస్‌గఢ్, ఒడిశా పోతారు. డేవిడ్ కూడా పద్దెనిమిదో ఏట పోయి, రాడ్లు మోసి, ఇప్పుడు బండి ఆపరేటరుకు కుడిభుజంగా ఉన్నాడు. మా సంఘపెద్ద శీనయ్యకు మేనల్లుడు. మాట మెత్తన. ఇంటికి వస్తే పెద్దవాళ్ళ కాళ్ళ దగ్గర కూర్చుంటాడు. క్రిస్మస్‌కు వచ్చినప్పుడు శీనయ్య సంబంధం మాట్లాడాడు. పిల్లలిద్దరూ ఒకరికొకరు నచ్చారు. క్రిస్మస్ అయిన మూడో రోజు మధ్యాహ్నం, లిదియమ్మ కలిగిరిలో అక్క ఇంటికి పోయినప్పుడు, వాళ్ళిద్దరూ ఆ ఇంట్లో ఒకటిగా ఉన్నారు.

ఆ మధ్యాహ్నం సారా అతన్ని ఏమీ అడగలేదు.

"తోచలేదని చెప్పను పెదనాయనా," అంది నాతో. "తోచినాది. అడిగితే చిన్నబోతాడేమోనని ఊరకుండా. నరసింహన్న మొగం చూసినట్టే నేనూ చూసినా."

చిక్కుడు తొక్కలు చేటలోకి విదిలించి మళ్ళీ అంది. "అమ్మకి గ్లవ్స్ ఏసుకున్న దాన్ని."

డేవిడ్ బండి మీదికి తిరిగి పోయి, జనవరి ఆఖరుకు పెళ్ళి కోసం వచ్చాడు. ఈస్టరుకు ముందు, పెళ్ళిళ్ళు చేయని శ్రమల దినాలు మొదలయ్యేలోపు పెళ్ళి చేసేయాలని నిర్ణయం. మొదటి ప్రకటన చదివిన ఆదివారం సారా కొత్త చీర కట్టుకుని వచ్చి ఆడవాళ్ళ వరసలో ముందు కూర్చుంది. మంగళవారం డేవిడ్ కోటు గుడ్డ కొనడానికి ఆత్మకూరు వచ్చాడు. మధ్యాహ్నం ఇద్దరూ బస్టాండు ఎదురుగా జ్యూస్ షాపులో కూర్చున్నారు. గ్లాసు అందుకోవడానికి అతను చెయ్యి చాపినప్పుడు అరచేతిలో మచ్చలు కనిపించాయి. రాగి రంగువి, కందిగింజంత.

"చేతులేంది అట్టా ఉండాయి?"

"రాడ్లు పట్టి పట్టి. ఈసారి గ్రీసు పడలేదు."

"దురద ఉండాదా?"

"లేదు. ఏంది మే, డాక్టరమ్మ మాదిరి."

"చెప్పులిప్పు."

"ఈడనా? జ్యూస్ తాగనియ్యవా?" అని నవ్వుతూనే ఇప్పాడు. అరికాళ్ళలోనూ అవే మచ్చలు.

"డిసెంబరులో నీకు యాడన్నా కురుపు లేచినాదా? నొప్పి లేని కురుపు."

అతను స్ట్రా నోట్లోంచి తీశాడు. "నీకెట్టా తెలుసు? అది వేడి కురుపు. బండి కాడ వేడి చెయ్యదా? దానంతట అదే మానిపోయినాది."

"ఎవరెవరితో ఉండినావు డేవిడ్?"

ఇక్కడ అతను అబద్ధం చెప్పి ఉంటే సారాకు కొంచెం తేలికగా ఉండేదేమో. అతను చెప్పలేదు. ఆమె భయం పోగొట్టాలని, నిజాయితీగా, ఓపికగా విడమరిచి చెప్పాడు.

"చూడు సారా, నీ కాడ దాపరికం లేదు. బండి ఆగిన ఊళ్ళలో నాలుగైదుసార్లు పోయినా. అందరం పోతాం. అయితే ప్యాకెట్టు లేకుండా నేను పోలేదు. మా ఆపరేటరన్న మొదటి రోజే చెప్పినాడు, రేయ్, అన్నం లేకపోయినా పర్లేదు, అది లేకుండా పోబాక అని. కావాలంటే అన్నకి ఫోన్ చేసిస్తా, అడుగు."

"ప్యాకెట్టు లేకుండా ఎవరితో?"

"మా బండి మేస్త్రీ పెండ్లాంతో. ఆమె సంసారి మే. ఇంట్లో మనిషి. పిల్లలుండారు. ఆమెకేముంటాది?"

"ఇంకా?"

"కలిగిరి పిల్ల. నర్సింగ్ చదవతా ఉండాది. మనోళ్ళే. చర్చిలో కాయిర్ పాడతాది. క్రిస్మస్‌కి ముందర ఒకసారి కలిసినాం, నీ సంబంధం అనుకోకముందు."

"ఇంకా?"

"నువ్వు."

అతని మొహంలో ఇప్పుడు కాస్త ధైర్యం వచ్చింది. వేళ్ళు మడిచి చూపించాడు. "చూడు, ప్యాకెట్టు లేనిది ముగ్గురితోనే. ముగ్గురూ మంచోళ్ళే గదా. ఇంక నాకు యాణ్ణించి వస్తాది?"

"నన్ను ఆ వరసలో మూడో వేలు చేసినాడు పెదనాయనా," అంది సారా. "మర్యాదగానే చేసినాడు."

ఆమె గ్లాసు పక్కకు నెట్టింది. "ల్యాబుకి రా. ఇప్పుడే రక్తం తీస్తా."

"నామీద నమ్మకం లేదా?"

"నమ్మకాన్ని సీసాలో పోసి తిప్పితే ఏం తేలదు. రక్తం కావాల."

"ఈ పొద్దు కాదులే. మామ బజార్లో ఎదురు చూస్తుంటాడు. సోమారం వస్తా. నిజ్జంగా వస్తా."

మరునాడు ఉదయం నరసింహ రాకముందే సారా ల్యాబు తెరిచింది. ఎడమ జబ్బకు రబ్బరు పట్టీ చుట్టి, ఒక కొస పళ్ళతో లాగి బిగించుకుంది. గ్లవ్స్ తొడుక్కుంది. తన రక్తం తనే తీసుకుంటూ గ్లవ్స్ ఎందుకని నేనడిగాను. "చెయ్యి అలవాటు తప్పితే మళ్ళీ రాదు," అంది.

ఆ పరీక్షకు తెల్లటి అట్ట ఒకటి ఉంటుందట. దాని మీద రక్తపు నీటి చుక్క వేసి, పక్కన నల్లమందు చుక్క కలిపి ఎనిమిది నిమిషాలు తిప్పాలి. ఏమీ లేకపోతే నలుపు సమంగా పరుచుకుంటుంది. ఉంటే నలుసులు నలుసులుగా విడిపోయి గుంపులు కడుతుంది. ఎనిమిది నిమిషాలు అక్కర్లేకపోయింది. రెండో నిమిషంలోనే నలుసులు కనిపించాయి. సారా మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే. ఎయిడ్స్ పరీక్ష అట్ట మీద ఒకటే గీత వచ్చింది. లేదని అర్థం, ఆ రోజుకు.

మధ్యాహ్నం ప్రభుత్వ ఆసుపత్రికి పోయింది. అక్కడ ఇంకో పరీక్ష చేసి సిఫిలిస్ అని ఖాయం చేశారు. డాక్టరమ్మ సూది మందు ఇచ్చింది. తొలి దశలోనే పట్టుకుంది కాబట్టి నయమైపోతుందని, ఎయిడ్స్ పరీక్ష మాత్రం మూడు నెలలకు మళ్ళీ చేయించుకోవాలని, ఆ మనిషిని, అతను కలిసిన వాళ్ళను కూడా పిలుచుకు రావాలని చెప్పింది. ముందే చూసుకోకుండా పెళ్ళయి కడుపు పండి ఉంటే బిడ్డ దక్కకపోయేదని కూడా చెప్పింది.

మన పుస్తకాల్లో ఈ జబ్బులకు సుఖవ్యాధులని పేరు. నలభై ఏళ్ళు పుస్తకాల మధ్య బతికి, ఆ మాట ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఆ పేరు పెట్టినవాడు ఎవరి సుఖం చూసి పెట్టాడో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

రెండో ఆదివారం పాస్టరుగారు ప్రకటన చదివారు. "లిదియమ్మ కుమార్తె సారాకును, మన సంఘ బిడ్డ డేవిడ్‌రాజుకును జరగబోవు వివాహమును గూర్చి ఇది రెండవ ప్రకటన." నేను పక్కన నిలబడి ఉన్నాను. సారా ఆ రోజు పాట పుస్తకం తెరవలేదు. జలుబు చేసిందనుకున్నాను. సోమవారం అతను వస్తాడు, మందు వేయించుకుంటాడు, అప్పుడు ఆలోచిద్దాం అని ఆమె అనుకుంటోందని నాకెట్లా తెలుస్తుంది?

సోమవారం డేవిడ్ రాలేదు. ఫోన్ చేస్తే రేపన్నాడు. మంగళవారం రేపన్నాడు. శుక్రవారం సారా సెలవు పెట్టి తల్లిని కంటి ఆపరేషన్‌కు నెల్లూరు తీసుకుపోయింది. శనివారం సాయంత్రం శీనయ్య మా ఇంటికి వచ్చి ఒక కవరు నా చేతిలో పెట్టాడు.

"మావోడి రక్తం కాగితం అన్నా. అంతా నెగిటివే."

తీసి చూశాను. సారా పనిచేసే ల్యాబు ముద్రే.

"పెండ్లికూతురు ల్యాబులోనే చేపించినాడు. ఇంకేం చూస్తావు?" అని శీనయ్య నవ్వాడు. నేనూ నవ్వాను. కాగితం రిజిస్టరులో పెట్టేశాను. నెల ముందు చేజర్ల నుంచి ఒక ఆటో డ్రైవరు మా సంఘం పిల్లను చేసుకోవడానికి కాగితం తెస్తే, వెలుతురుకు పట్టి చూసి, నంబరు రాసుకుని, ల్యాబుకు ఫోన్ చేసి మరీ అడిగినవాణ్ణి నేను. అతను బయటివాడు. డేవిడ్ తాతా నేనూ ఒకే బెంచీ మీద చదువుకున్నాం. ఇతరుల రోత గురించి ఇన్ని మాటలు రాస్తున్నప్పుడు ఇది రాయకపోతే కుదరదు.

మూడో ఆదివారం ఉదయం గంట కొట్టడానికి ఇంకా అరగంట ఉందనగా సారా చర్చి పక్కగదిలోకి వచ్చింది.

"పెదనాయనా, డేవిడ్ కాగితం వచ్చినాదా?"

తీసి చూపించాను. ఆమె కూర్చోలేదు. కాగితం చివర ఉన్న తేదీ మీద వేలు పెట్టింది. తర్వాత ఫోన్ తీసి స్పీకరు పెట్టి నరసింహకు చేసింది.

"నరసింహన్నా, శుక్రవారం డేవిడ్ రక్తం ఎవరు తీసినారు?"

"ఎవరు తీస్తారు? నువ్వు లేవు గదా," అన్నాడు ఫోన్లో. "పిల్లోడు వచ్చి కూర్చున్నాడు. సూదంటే భయమన్నా అన్నాడు. నీ పెండ్లికొడుకే గదా, నువ్వు అన్నీ చూసుకోకుండా ఒప్పుకోనుంటావా అని కాగితం రాసిచ్చినా. పోనీలే, పెండ్లి పన్లలో నీకు ఒక పని తగ్గినాది."

"మొగం చూసినావా అన్నా?"

"చూడక? బంగారు మాదిరి ఉండాడు."

ఆమె ఫోన్ ఆపింది. కాగితం తిరిగి నా చేతిలోనే పెట్టింది. 

అప్పుడే శీనయ్య, వెనకే డేవిడ్, పాస్టరుగారు లోపలికి వచ్చారు. సారా ఇది రక్తం తీయకుండా రాసిన కాగితమని, మూడో ప్రకటన చదవొద్దని చెప్పింది.

"ఏంది మే, పొద్దన్నే పంచాయితీ," అన్నాడు శీనయ్య. "మన పిల్లోడు. నా చేతుల మీద పెరిగినోడు. నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకున్నోడు. బయటోడా?"

"బయటోడైతే ఈపాటికి పరీక్ష చేపించి ఉందురు మామా."

"సారా, పెండ్లయినాక చేపించుకుంటా," అన్నాడు డేవిడ్ చిన్న గొంతుతో. "అందరి ముందర ఎందుకు?"

"అసలు వాడికి జబ్బుందని నీకెవరు చెప్పినారు?" శీనయ్య గొంతు పెంచాడు.

సారా చేతిసంచిలోంచి ప్రభుత్వ ఆసుపత్రి కాగితం తీసి బల్ల మీద పెట్టింది. "నాకు వచ్చినాది మామా. డేవిడ్ కాణ్ణించి. డిసెంబరులో."

ఆ బల్ల మీదే శీనయ్య బైబిలు ఉంది. అతను గబుక్కున దాన్ని తీసి గుండెకు ఆనించుకున్నాడు, కాగితానికి తగలకుండా. ఆ చెయ్యి కదిలిన తీరు నేను చచ్చేదాకా మరచిపోలేను. చచ్చిన ఎలుక పక్కనుంచి అన్నం గిన్నె తీసినట్టు తీశాడు.

"అట్టయితే ముందు ఎవురికి ఉండినాదో ఎవరికి తెలుసు?" అన్నాడు. "ఆత్మకూరు బస్టాండులో లారీలోళ్ళ మధ్య పనిచేసే పిల్ల."

సారా డేవిడ్ వైపు చూసింది. అతనికి అంతా తెలుసు. జ్యూస్ షాపులో వేళ్ళు మడిచి చెప్పినవాడు అతనే. అతను తన అరచేతులు జేబుల్లో పెట్టుకుని నేల వైపు చూస్తూ నిలబడ్డాడు.  ఆమె అతని నోటి మాట కోసం ఎదురు చూసింది. పెళ్ళి పోయింది ఆ కొద్ది నిమిషాల్లోనే. ప్రకటన సంగతి తర్వాతది.

పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు. "మందుతో పోయేదే అంటున్నారు గదా. లోపల జనం కూర్చోనుండారు. ప్రకటన చదివేసి, తర్వాత పిల్లోడికి మందు వేయిద్దాం. సంఘం పరువు చూడాల గదా అన్నా."

ప్రకటన పేజీ నా చేతిలో ఉంది. చదవడానికి నేను అందించాలి. అందించలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇది పెద్ద సాహసమని చెప్పుకోను. శనివారం చెయ్యాల్సిన పని ఆదివారం చేశాను.

ఆ తర్వాత ఉదయగిరిలో మాటలు ఎట్లా తిరిగాయో ఊహించడం కష్టం కాదు. డేవిడ్‌కు మోసం జరగబోయి తప్పిందన్నారు. బోరింగు దగ్గర సారా పట్టిన బిందెను ఒకామె పక్కకు జరిపింది. లిదియమ్మ కంటికి కట్టు ఉండగానే ఏడ్చి, కట్టు తడిపి, మళ్ళీ నెల్లూరు పోవాల్సి వచ్చింది. జేబులో చేతులు పెట్టుకుని నిలబడ్డ పిల్లవాడికి మాత్రం ఇంకో సంబంధం చూడటం మొదలుపెట్టారు. మంచి పిల్లవాడు కదా.

ఆ సంబంధాల మాట సారా చెవిన పడ్డాక ఆమె డేవిడ్‌కు ఫోన్‌లో ఒక ఫోటో పంపింది. ఈ జబ్బు మందు లేకుండా ఏళ్ళ తరబడి ఒంట్లో ఉంటే మనిషిని ఏం చేస్తుందో చూపించే ఫోటో. కింద ఏమీ రాయలేదు. మరునాడు పది గంటలకు అతను ల్యాబు ముందు నిలబడ్డాడు.

నరసింహ అప్పటికీ తను చేసింది మేలే అనుకుంటున్నాడు. "మే, మాట్లాడి పంపించు. కోపం పెట్టుకోబాక," అని బయటికి పోయాడు.

సారా కుర్చీ చూపించింది. గ్లవ్స్ తొడుక్కుంది.

"నామీద కోపమా?" అన్నాడు డేవిడ్.

"చెయ్యి మడవబాక."

"మామ అట్టా అంటాడని నేననుకోలేదు మే."

"పిడికిలి బిగించు."

రక్తం తీసింది. పరీక్ష చేసింది. నలుసులు గుంపులు కట్టాయి. ఎయిడ్స్ లేదు. కాగితం రాసి, ప్రభుత్వ ఆసుపత్రికి దారి చెప్పి, చివర్లో అడిగింది. "మేస్త్రీ పెండ్లాంకి నువ్వు ఫోన్ చెయ్యాల. ఈడనే, నా ముందరే. కలిగిరి పిల్ల నంబరియ్యి."

మొదటిది చేశాడు, తడబడుతూ. రెండో దానికి మొండికేశాడు. "ఆ పిల్లనెందుకు భయపెడతావు? ఆ పిల్ల చాలా మంచిది మే. ఆ పిల్లకేముంటాది?"

"నాకేముండినాది?"

అతను నంబరు చెప్పాడు.

ఆ రాత్రి నిద్ర పట్టకపోవడం గురించి, చేతుల్ని ఎన్నిసార్లు కడుక్కుందో ఆ సంగతి గురించి సారా నాకు రెండు మాటల్లో చెప్పింది.  ఫోన్లో చెప్పే విషయం కాదని, ఆ గురువారం ఆమె బస్సెక్కి కలిగిరి పోయింది. ఆ పిల్ల పేరు కరుణశ్రీ. ఇరవై ఒకటో ఏడు. నర్సింగ్ రెండో సంవత్సరం. సెలవులకు ఇంటికి వచ్చి ఉంది. బస్టాండు బెంచీ మీద కూర్చుని సారా అంతా చెప్పింది, తన సంగతి కూడా దాచకుండా. కరుణశ్రీ ముందు నమ్మలేదు. తర్వాత, "డేవిడన్న అట్టాంటోడు కాదక్కా," అంది. తర్వాత ఒడిలో ఉన్న తన అరచేతులు తిప్పి చూసుకుంది.

శనివారం ఆత్మకూరు వచ్చింది. తలకు నూనె రాసి, జడ బిగించి, చర్చికి వచ్చినట్టు తయారై వచ్చింది. రేణుకాదేవి మెడికల్ షాపులోంచి తొంగి చూసి, "ఎవరి పిల్ల మే? లక్షణంగా ఉండాది," అంది. బెంచీ మీద కూర్చున్న నరసింహ ఆ పిల్లను తలెత్తి చూసి, బల్ల మీదున్న గ్లవ్స్ డబ్బాను కాలితో కాకపోయినా చేత్తో కొంచెం పక్కకు జరిపాడు, అది ఇప్పుడు అక్కర్లేదన్నట్టు.

సారా ఆ డబ్బాను తిరిగి దగ్గరికి లాక్కుంది. ఒక గ్లవ్ తొడుక్కుంది.

కుర్చీలో కూర్చున్న కరుణశ్రీ చుడీదారు చెయ్యి పైకి మడుచుకుంటూ ఆ చేతి వైపు చూసింది. మొహం ఎర్రబడింది.

"నాకెందుకక్కా గ్లవ్స్?" అంది. "నేను మనోళ్ళ పిల్లనే గదా."

సారా రెండో గ్లవ్ కూడా మణికట్టు దాకా లాక్కుంది.

"చెయ్యి చాపు," అంది.